ఎవరి వీసా? ఎవరి ఏడుపు?

(మండల కేంద్రంలో జరిగిన కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)

 

ఇవాళ మమ్మల్ని మాట్లాడమన్న విషయం అమెరికా వీసాలు. కూలి రేట్ల గురించి, శ్మశానం స్థలం గురించి, హాస్టల్ మెస్ చార్జీల గురించి మాట్లాడుకోవాల్సిన చోట ఈ అమెరికా గోల మనకెందుకని కొందరు అడిగారు. న్యాయమైన ప్రశ్నే. మన వాడల్లో పాస్‌పోర్టు ఉన్న ఇళ్ళు ఎన్ని? ఉన్నా అది దుబాయికో మస్కట్‌కో పోవడానికి తీసుకున్నదే గదా. అయినా మాట్లాడుకోవాలి. 2025 సెప్టెంబరులో తెలుగు పేపర్లూ, చానళ్ళూ రోజుల తరబడి 'మన పిల్లల భవిష్యత్తు ఏమైపోను' అని గుండెలు బాదుకున్నాయి. ఆ 'మన' అనే మాటలో మనం ఉన్నామా, లేమా? అది తేల్చుకోవాలి. రెండో కారణం ఇంకా దగ్గరది. మన పిల్లలు కూడా ఇప్పుడు ఇంజనీరింగ్ చదువుతున్నారు. ఉన్న అరెకరం కుదువబెట్టి కన్సల్టెన్సీల గుమ్మాలెక్కుతున్నారు. వాళ్ళకు ఉన్నది ఉన్నట్టు చెప్పేవాళ్ళు కావాలి. ఇళ్ళల్లో మొట్టమొదట డిగ్రీ చదివినవాళ్ళం గనుక, బడిపంతుళ్ళం గనుక, ఆ పని మా నెత్తినే పడింది.

ముందు జరిగిందేందో చూద్దాం. 2025 సెప్టెంబరు 19న అమెరికా అధ్యక్షుడు ట్రంప్ ఒక ప్రకటన మీద సంతకం పెట్టాడు. హెచ్-1బి అనే వీసా మీద బయటి దేశం నుంచి కొత్తగా మనిషిని తెచ్చుకునే కంపెనీ లక్ష డాలర్లు కట్టాలి. అప్పటి లెక్కన మన డబ్బుల్లో సుమారు 88 లక్షలు. ఇది ఏటా కట్టాల్సిందేనని అక్కడి వాణిజ్య మంత్రే మొదటి రోజు చెప్పాడు. మన చానళ్ళు దాన్నే పట్టుకుని రాత్రంతా ఊదరగొట్టాయి. ఇండియాకు బయలుదేరినవాళ్ళు భయపడి విమానాల్లోంచి దిగిపోయారు. మర్నాడు అదే ప్రభుత్వం మాట మార్చింది. ఒక్కసారి కట్టేదేనంది. కొత్త దరఖాస్తులకేనంది. ఇప్పటికే వీసా ఉన్నవాళ్ళకు, రెన్యువల్‌కు పోయేవాళ్ళకు లేదంది. అక్కడే చదువుకుని అక్కడే వీసా మార్చుకునేవాళ్ళకు కూడా లేదని అక్టోబరులో తేల్చింది. మొదటి మాట ఎంత లావు అక్షరాల్లో పడిందో, రెండో మాట అంత లావు అక్షరాల్లో పడలేదు. పేపరు చదివేటప్పుడు గుర్తుంచుకోవాల్సిన మొదటి సంగతి ఇదే. భయం అమ్ముడుపోతుంది. వివరం అమ్ముడుపోదు.

అదే ఏడాది డిసెంబరులో ఇంకో నిబంధన తెచ్చారు. అప్పటిదాకా వీసాల లాటరీలో అందరి చీటీ ఒకటే. ఇక మీదట జీతం ఎక్కువున్న ఉద్యోగానికి అవకాశం ఎక్కువ, తక్కువున్నదానికి తక్కువ. ఇది 2026 ఫిబ్రవరి ఆఖరు నుంచి అమల్లోకి వచ్చింది. దీని దెబ్బ చదువు ముగించి మొదటి ఉద్యోగం వెతుక్కునే పిల్లల మీద పడుతుంది. మన పిల్లలు పోతే ఆ వరసలోనే నిలబడతారు. లక్ష డాలర్ల గురించి అంత గోల చేసినవాళ్ళు దీని గురించి ఎంత చెప్పారో మీరే ఆలోచించండి.

అసలు ఈ వీసా ఎప్పుడు పుట్టింది? 1990 నవంబరులో, అమెరికా చేసిన వలస చట్టంతో. ఏడాదికి 65 వేల మంది అని పరిమితి పెట్టారు. కంపెనీల ఒత్తిడితో 1999లో లక్షా 15 వేలు చేశారు. 2001 నుంచి మూడేళ్ళు లక్షా 95 వేలు చేశారు. 2004లో మళ్ళీ 65 వేలకు దించారు. అమెరికాలో పెద్ద చదువు చదివినవాళ్ళకు ఇంకో 20 వేలు కలిపారు. ఏటా మంజూరయ్యే వాటిలో నూటికి 70కి పైగా మన దేశం నుంచి పోయినవాళ్ళవే.

1990 అనగానే మీకేం గుర్తొస్తుంది? మండల్. ఆ ఆగస్టులో బీసీలకు 27 శాతం రిజర్వేషన్ ప్రకటించగానే అగ్రకులాల పిల్లలు రోడ్లు ఊడ్చారు, బూట్లు పాలిష్ చేశారు, బస్సులు తగలబెట్టారు. ప్రతిభకు ఈ దేశంలో చోటు లేదన్నారు. పేపర్లు వాళ్ళ ఫొటోలు మొదటి పేజీలో వేశాయి. ఆ ఏడాదే అమెరికా తలుపు తెరిచింది. మరుసటి ఏడాది సరళీకరణ వచ్చింది. సర్కారీ కంపెనీలు మూతబడుతూ, అమ్ముడుపోతూ వచ్చాయి. రిజర్వేషన్ ఉన్న ఉద్యోగాలు కరిగిపోయాయి, రిజర్వేషన్ లేని ఉద్యోగాలు పెరిగాయి. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ లేచింది. 1991 ఆగస్టులో చుండూరు పొలాల్లో మనవాళ్ళ శవాలు గోనెసంచుల్లో తేలిన కాలమూ అదే. ఆ శవాల వెనక ఉన్న భూస్వామ్య కులాల డబ్బు పొలం గట్టు దిగి సినిమాకు, కాలేజీకి, కాంట్రాక్టుకు, సాఫ్ట్‌వేర్‌కు, ఆఖరికి అమెరికాకు నడిచింది. ఇదంతా ఎవరో ఒకచోట కూచుని చేసిన కుట్ర అని మేం అనడం లేదు. ఒక తలుపు మన మొహాన మూసుకుంటున్నప్పుడే ఇంకో తలుపు ఎవరికి తెరుచుకుందో చూడమంటున్నాం.

ఇప్పుడు ఆ తలుపు లోపల ఏం జరుగుతుందో చూద్దాం. హెచ్-1బి వీసాకు దరఖాస్తు పెట్టేది పనివాడు కాదు, కంపెనీ. మూడేళ్ళు ఇస్తారు, మరో మూడేళ్ళు పొడిగిస్తారు. ఉద్యోగం పోతే 60 రోజులు గడువు. ఆలోగా ఇంకో కంపెనీ దొరకాలి, లేదా వేరే ఏదైనా వీసాకు మారాలి. లేదంటే పిల్లల బడి మాన్పించి, ఇల్లు ఖాళీ చేసి వెనక్కి రావాలి. అక్కడ స్థిరపడే గ్రీన్‌కార్డు ఒక్కో దేశానికి నూటికి 7 మించకూడదని చట్టం. అందుకే మనవాళ్ళ వరస ఏళ్ళు గాదు, దశాబ్దాలు సాగుతుంది. ఆ వరసలో ఉన్నంత కాలం యజమాని ఎదుట నోరెత్తడం కష్టం. మన ఊళ్ళో పాలేరు సంగతి మీకు తెలుసు. ఉగాదికి కుదిరితే మళ్ళీ ఉగాది దాకా కదలడానికి లేదు. వాడి జీతానికీ వీడి జీతానికీ పోలికే లేదు, ఆ మాట ముందే చెప్తున్నాం. ఏసీ గదిలో కూచున్నవాణ్ణి పాలేరు అనడం మన తాతల చెమటను అవమానించడమే అవుతుంది. కానీ మెడలో పలుపు ఉందా లేదా అంటే ఉంది. దాని కొస యజమాని చేతిలోనే ఉంది.

మరి అమెరికా కూలీ ఎందుకు మండిపడుతున్నాడు? దీనికి మన మిరపకోతలే సాక్ష్యం. కోతల కాలంలో కూలి పెంచమని మనం పట్టుబడితే రైతు ఏం చేస్తాడు? మేస్త్రీకి కబురు పెట్టి పక్క జిల్లా నుంచి ముఠాల్ని దించుతాడు. అప్పుడు మన కోపం ఎవరి మీదికి పోతుంది? లారీ దిగిన ముఠా మీదికి పోతుంది. కూలి ఎగ్గొట్టినవాడు చెట్టు కింద కూచుని చూస్తుంటాడు. అక్కడా ఇదే కథ. 2015లో డిస్నీ కంపెనీ ఫ్లోరిడాలో సుమారు 250 మంది కంప్యూటర్ ఉద్యోగుల్ని తీసేసింది. తీసేసే ముందు, వాళ్ళ స్థానంలోకి వచ్చిన మన దేశపు పిల్లలకు వాళ్ళ చేతే పని నేర్పించింది. నేర్పిస్తేనే ఆఖరి డబ్బులు. చట్టం ప్రకారం స్థానిక రేటు ఇవ్వాలి గదా అంటారు. ఆ రేటును నాలుగు మెట్లుగా చేశారు, కింది రెండు మెట్లు ఆ ప్రాంతపు మధ్యస్థ జీతం కంటే తక్కువ. 2020లో అక్కడి ఎకనమిక్ పాలసీ ఇన్‌స్టిట్యూట్ లెక్క తీస్తే హెచ్-1బి ఉద్యోగాల్లో నూటికి 60 ఆ కింది మెట్ల మీదే ఉన్నాయి. ముఠాను దించడం అంటే ఇదే.

ముఠాను ఇక్కడికి రానివ్వమని గేటు మూస్తే ఏమవుతుంది? చేనునే ముఠా దగ్గరికి మోసుకుపోతారు. మిరపచేను మోయలేం గానీ కంప్యూటర్ పనిని వైరు మీద మొయ్యొచ్చు. దాన్నే ఆఫ్‌షోరింగ్ అంటారు. వీసాలు తగ్గినప్పుడు పెద్ద కంపెనీలు ఆ ఉద్యోగాల్ని ఇండియాకు, చైనాకు, కెనడాకు తరలించాయని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలోని ఒక ఆర్థికవేత్త లెక్కలతో చూపించింది. మన దేశంలో ఇప్పుడు విదేశీ కంపెనీల సొంత ఆఫీసులే 1,700కు పైగా ఉన్నాయి. దీన్ని అడ్డుకోవడానికి 2025 సెప్టెంబరులో అక్కడి సెనేటర్ ఒకాయన, బయటి దేశాలకు పని పంపే కంపెనీల చెల్లింపుల మీద 25 శాతం పన్ను వేయాలని బిల్లు పెట్టాడు. గేటు ఎక్కడ పెట్టినా పెట్టుబడికి దొడ్డిదారి ఉంటుంది, పనివాడికి ఉండదు. ఇక్కడికి పని వస్తే ఇక్కడి వాడు సుఖపడతాడా? 2025 జులైలో మన టీసీఎస్ కంపెనీ 12 వేల పైచిలుకు మందిని తీసేస్తున్నట్టు ప్రకటించింది. అమెరికావాడి ఉద్యోగం మనవాడు మింగేశాడన్న కథా నిజం కాదు, మన ప్రతిభకు వాళ్ళు మొక్కుతున్నారన్న కథా నిజం కాదు.

ఈ రెండు కథలూ చెప్పేది ఎవరు? పత్రికలు, టీవీలు. వాటి యజమానులు ఎవరో కాస్త చూడండి. అమెరికాలో ఏబీసీ అనే పెద్ద టీవీ చానల్ ఉంది. దాని యజమాని అదే డిస్నీ. వాషింగ్టన్ పోస్ట్ అనే పెద్ద పేపరును 2013లో కొన్నది అమెజాన్ అధిపతి. హెచ్-1బి వీసాలు అందరికంటే ఎక్కువ వాడుకునే కంపెనీల్లో అమెజాన్ ముందుంది. అలాగని ఆ పేపరులో వచ్చేదంతా అబద్ధమని మేం అనం. డిస్నీ సంగతిని దేశమంతటికీ తెలిసేలా రాసింది కూడా అక్కడి ఇంకో పేపరే. రాసేవాడి వెనక జీతమిచ్చేవాడు ఉంటాడు, ఆ సంగతి మరిచి చదవొద్దు అంటున్నాం.

మన దగ్గరికొస్తే ఆ జీతమిచ్చేవాడికి కులం కూడా ఉంటుంది. 2006లో ఢిల్లీలో పెద్ద పత్రికలు, చానళ్ళలో నిర్ణయాలు చేసే 315 మందిని లెక్కపెడితే ఒక్క దళితుడు లేడు, ఒక్క ఆదివాసీ లేడు. 2019లో ఆక్స్‌ఫామ్, న్యూస్‌లాండ్రీ వాళ్ళు మళ్ళీ లెక్కపెట్టారు. 121 పెద్ద కుర్చీల్లో 106 అగ్రకులాలవాళ్ళవి. ఎస్సీ ఎస్టీలు మళ్ళీ సున్నా. పదమూడేళ్ళకు కూడా సున్నా సున్నాగానే ఉంది. ఇది కొత్తా? 1920లో బాబాసాహెబ్ మూక్‌నాయక్ మొదలుపెడుతూ డబ్బులిస్తాం, ప్రకటన వేయమంటే తిలక్ పెట్టిన కేసరి పత్రిక వేయలేదు. అందుకే మనకు మన పత్రిక కావాలి, అది ఎనిమిది పేజీలైనా సరే. పెద్ద పేపరులో మొదటి పేజీ వీసా ఏడుపు చదివాక లోపలి పేజీ తిప్పండి. కన్సల్టెన్సీల ప్రకటనలు, ఎన్నారైలకు విల్లాల ప్రకటనలు ఉంటాయి. ఆ ఏడుపు ఎవరి కోసమో అక్కడ తెలుస్తుంది.

అసలు అమెరికా గేటు మన దేశంవాళ్ళకు ఎలా తెరుచుకుందో ఆ పేపర్లు చెప్పవు. 1917 చట్టంతో మన దేశంవాళ్ళు రాకుండా గేటు మూసేశారు. అప్పటికే అక్కడున్న భగత్‌సింగ్ థిండ్ అనే పంజాబీ, మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైన్యంలో పనిచేసినవాడు, పౌరసత్వం కోసం సుప్రీంకోర్టుకు పోయాడు. ఆయన తరపున ఏం వాదించారో తెలుసా? మేం ఆర్యులం, పైకులంవాళ్ళం, అందుకని తెల్లవాళ్ళమే అన్నారు. ఇక్కడి తెల్లవాడు నల్లవాణ్ణి ఎలా చూస్తాడో, మా దేశంలో పైకులంవాడు కిందివాళ్ళను అలాగే చూస్తాడు అని కూడా చెప్పుకున్నారు. కులాన్ని సర్టిఫికెట్‌గా చూపించారన్నమాట. 1923లో కోర్టు ఆ సర్టిఫికెట్ చెల్లదని కొట్టేసింది. 1946లో ఏడాదికి 100 మంది చొప్పున రానిచ్చారు. గేటు నిజంగా తెరుచుకున్నది 1965లో. అప్పుడు అమెరికా వీధుల్లో దెబ్బలు తిన్నది, కుక్కలతో కరిపించుకున్నది, జైళ్ళు నింపింది నల్లజాతి ప్రజలు. వాళ్ళ పౌరహక్కుల పోరాటం ఊపులోనే జాతిని బట్టి వలసలు ఆపే పాత పద్ధతి కూలిపోయింది. అంటే ఇవాళ ప్రతిభ, ప్రతిభ అని రొమ్ము విరుచుకునేవాళ్ళు, నల్లవాళ్ళు నెత్తురు కార్చి తెరిచిన గేటు గుండా పోయినవాళ్ళే. పోయి అక్కడ స్థిరపడి, ఇక్కడ మన రిజర్వేషన్లను తిడుతుంటారు.

అక్కడికి పోయాక కులం పోతుందా? 2010 నుంచి 2017 దాకా అమెరికాలో అన్నిటికంటే వేగంగా, 86 శాతం పెరిగిన భాష తెలుగేనని మనవాళ్ళు పండగ చేసుకున్నారు. భాషతోపాటు కులం కూడా విమానం ఎక్కింది. 2003లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయం వాళ్ళు చూస్తే, అక్కడున్న భారతీయుల్లో దళితులు, కింది కులాలవాళ్ళు కలిపి నూటికి ఒకటిన్నర మంది. ఆ ఒకటిన్నర మందికైనా నెమ్మది ఉందా? 2020 జూన్‌లో కాలిఫోర్నియా ప్రభుత్వ విభాగమే సిస్కో కంపెనీ మీద కేసు వేసింది, దళిత ఇంజనీరు పట్ల అగ్రకుల అధికారులు వివక్ష చూపారని. ఇద్దరు అధికారుల మీద కేసును 2023లో వాపసు తీసుకున్నారు గానీ కంపెనీ మీద కేసును వదల్లేదు. 2023 ఫిబ్రవరిలో సియాటిల్ నగరం కులవివక్షను నిషేధిస్తూ చట్టం చేసింది. అమెరికాలో అలా చేసిన మొదటి నగరం అదే. అదే ఏడాది కాలిఫోర్నియా శాసనసభ అలాంటి బిల్లునే పాస్ చేస్తే, గవర్నర్ అక్టోబరులో వీటో చేశాడు. ఆ బిల్లును ఆపడానికి తిరిగినవాళ్ళలో మన దేశం నుంచి పోయిన అగ్రకులాల సంఘాలు ఉన్నాయి. తెల్లవాడు మమ్మల్ని వేరుగా చూస్తున్నాడని ఏడ్చే నోటితోనే, మేం మా దళితుల్ని వేరుగా చూస్తే అడగొద్దు అంటున్నారు.

ఒక మాట గట్టిగా చెప్పాలి. ట్రంప్ గేటు మూశాడు, అగ్రకులంవాడికి తగిన శాస్తి అయిందని మనలో కొందరు నవ్వుకుంటున్నారు. నవ్వొద్దు. 2017 ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రంలో ఒక తెల్లవాడు, మా దేశం నుంచి పొమ్మని అరిచి ఒక తెలుగు ఇంజనీరును కాల్చి చంపాడు. తుపాకీ కులం అడగలేదు. పుట్టుకను బట్టి మనిషిని వెలివేసేవాడు ఏ దేశంలో ఉన్నా మనకు శత్రువే. వెలి అంటే ఏందో మనకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

ఇప్పుడు ఆ పేపర్లకు కనపడని వీసా సంగతి. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ నుంచి గల్ఫ్‌కు పోయేది ఎవరు? ఎక్కువమంది మనవాళ్ళు, బీసీలు. పదో తరగతి పాస్ కానివాడి పాస్‌పోర్టుకు 1983 చట్టం కింద ప్రత్యేక అనుమతి కావాలి. వాడి నైపుణ్యం నైపుణ్యం కాదు. 45 డిగ్రీల ఎండలో సెంట్రింగ్ కొట్టడం, ఇనుము వంచడం పని కాదు, వెట్టి. 2020 సెప్టెంబరులో, కరోనా రోజుల్లో, కేంద్ర ప్రభుత్వం గల్ఫ్‌కు పోయే మన కూలీల కనీస వేతనాలను 30 నుంచి 50 శాతం తగ్గిస్తూ సర్క్యులర్లు ఇచ్చింది. బయటి దేశం కాదు, మన ప్రభుత్వమే. ఆ వార్త ఏ చానల్‌లో రాత్రంతా ఊదరగొట్టారు? గల్ఫ్ కార్మికులు పోరాడారు, హైకోర్టుకెక్కారు. 2021లో ప్రభుత్వం వెనక్కి తగ్గింది. ఆ గెలుపు వార్తయినా మీలో ఎంతమంది చదివారు? శవపేటిక శంషాబాద్‌లో దిగితే జిల్లా పేజీలో నాలుగు లైన్లు. లక్ష డాలర్లకు మొదటి పేజీ.

మరి మనం చేయాల్సింది ఏంది?

మొదటిది, మన పిల్లలకు చదువు మాన్పించొద్దు, అమెరికా వద్దనీ చెప్పొద్దు. బాబాసాహెబ్ 1913లో బరోడా మహారాజు స్కాలర్‌షిప్పుతో కొలంబియా పోకపోతే మనం ఇవాళ ఇలా కూచుని ఉండేవాళ్ళం కాదు. ఆయన తిరిగొచ్చి 1917లో బరోడాలో ఉద్యోగంలో చేరితే తలదాచుకోవడానికి గది దొరకలేదు. పెద్ద చదువు కులాన్ని చెరిపెయ్యదు, కులంతో పోరాడే బలాన్నిస్తుంది. కాబట్టి మన పిల్లలు పోవాలి, కానీ ప్రభుత్వ స్కాలర్‌షిప్పుతో పోవాలి. తెలంగాణలో అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి కింద 20 లక్షల దాకా ఇచ్చే ఏర్పాటు ఉంది. కేంద్రంలో నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ ఉంది. ఎవరికి ఎంత ఇచ్చారు, ఎప్పుడు ఇచ్చారు అని ప్రతి జిల్లాలో సమాచార హక్కు కింద అడగండి.

రెండోది, కన్సల్టెన్సీ మాట నమ్మి అప్పు చేయొద్దు. 2011లో కాలిఫోర్నియాలో ట్రై-వ్యాలీ అనే దొంగ యూనివర్సిటీ మూతబడితే మన తెలుగు పిల్లల కాళ్ళకు రేడియో పట్టీలు కట్టారు. 2019లో మిషిగన్‌లో ఫార్మింగ్‌టన్ అనే యూనివర్సిటీని అమెరికా పోలీసులే వలగా పెట్టారు. పట్టుబడినవాళ్ళలో ఎక్కువమంది తెలుగువాళ్ళే. ఉన్నవాడు మునిగితే వాళ్ళ నాన్న ఇంకో ఎకరం అమ్ముతాడు. మనవాడు మునిగితే ఆ ఇంట్లో చెల్లెలి చదువు ఆగిపోతుంది. సంతకం పెట్టే ముందు కాగితాలు తెచ్చి సంఘంలో చూపించమనండి.

మూడోది, అన్నిటికంటే ముఖ్యమైనది, ప్రైవేటు రంగంలో రిజర్వేషన్. రాజ్యాంగం 16(4) ప్రభుత్వ ఉద్యోగాల దగ్గరే ఆగిపోయింది. 2004లో కేంద్రంలో వచ్చిన ప్రభుత్వం దీని గురించి చర్చిస్తామని రాసుకుంది. కంపెనీలు 2006లో, మేమే స్వచ్ఛందంగా చేస్తామన్నాయి. ఇన్నేళ్ళయినా చట్టం రాలేదు. స్వచ్ఛందంగా ఏం చేస్తారో 2007లో అచ్చయిన థోరట్, అట్‌వెల్ పరిశోధన చూడండి. ఒకే చదువు, ఒకే అనుభవం, పేర్లు మాత్రం వేరువేరు పెట్టి ప్రైవేటు కంపెనీలకు 4,800కు పైగా దరఖాస్తులు పంపారు. దళిత పేరున్నవాడికి పిలుపొచ్చే అవకాశం అగ్రకులం పేరున్నవాడికి ఉన్నదాంట్లో మూడింట రెండొంతులే. వీసా దాకా ఎందుకు, పేరు దగ్గరే గేటు పడుతోంది. ఆ కంపెనీలు మన ఊరి భూముల్లో, మన కరెంటుతో, మన పన్నుల రాయితీలతో నడుస్తున్నాయి. ఆఫ్‌షోరింగ్ అని పని ఇక్కడికి వస్తుంటే, అందులో మా వాటా ఎంత అని అడిగే హక్కు మనది.

నాలుగోది, గల్ఫ్ కూలీకి చట్టం కావాలి. కేరళలో 1996లోనే వలస పోయినవాళ్ళ కోసం నోర్కా అనే శాఖ పెట్టారు. మన దగ్గర 2024లో తెలంగాణ ప్రభుత్వం గల్ఫ్‌లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 5 లక్షలు ప్రకటించింది. చచ్చాక ఇచ్చేది సరే. బతికుండగా జీతం ఎగ్గొడితే అడిగేవాడు ఎవరు? ఆ బాధ్యత ప్రభుత్వం తీసుకునేదాకా వదలకూడదు.

ఇక పేపరు చదవడం మానొద్దు. చదవండి, గుంపుగా కూచుని బిగ్గరగా చదవండి. ప్రతి వార్త దగ్గరా మూడు ప్రశ్నలు వేయండి. ఈ 'మన' ఎవరు? ఈ వార్తతో ఎవరికి లాభం? ఇందులో కూలివాడి మాట ఎక్కడుంది? రేపు ఇంకో ప్రకటన వస్తుంది, ఇంకో గేటు పడుతుంది, మళ్ళీ గుండెలు బాదుకుంటారు. అప్పుడు మన వాడలో ఒక్క పిల్లవాడైనా లేచి 'ఆగండి, ఇది ఎవరి గేటు?' అని అడిగితే ఈ తరగతి పెట్టిన ఖర్చు దక్కినట్టే.

జై భీమ్!